ఇంటి కప్పుపై పడు వాన

ఒక చదరపు మీటరు చదునైన స్థలముపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో అక్కడ చేరునది సరిగా ఒక లీటరు నీరు. మెట్రిక్ కొలతలలోని సుగుణములలో ఇది యొకటి. కప్పు వైశాల్యమును చదరపు మీటర్లలోను, వానను మిల్లీమీటర్లలోను తీసికొని హెచ్చవేసినచో లీటర్లు వచ్చును; వేరు మార్పులు అక్కరలేదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి నోటిలెక్కగా చేయదగిన ఈ గుణకారము మీదనే ఇంటింటి వాననీటి సేకరణ అంతయు నిలిచియున్నది. అయితే గుణకారము చేసి అక్కడితో ఆగినవారు తప్పక మోసపోవుదురు. ఎట్లో చూడవలెను.

హైదరాబాదు నగరములో ఏటికి సగటున సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురియును. 100 చదరపు మీటర్ల డాబా గల ఇంటిపై ఏడాదిలో 80,000 లీటర్లు పడునన్నమాట. ఇదంతయు చేతికి రాదు. ఎండకు కాగిన కప్పు మొదటి చినుకులను పీల్చుకొనును; కొంత ఆవిరియగును; కొంత చూరు దాటి చిమ్మిపోవును. సిమెంటు డాబా నుండి నూటికి 80 పాళ్లు, రేకుల కప్పు నుండి 90 పాళ్లు దక్కునని ఇంజనీర్లు లెక్కగట్టుదురు. కావున ఈ డాబా ఇచ్చునది 64,000 లీటర్లు.

ఇక ఖర్చు సంగతి. పెద్ద నగరముల నీటి సరఫరాకు భారతదేశములో అంగీకరించిన ప్రమాణము మనిషికి దినమునకు 135 లీటర్లు. నలుగురు గల కుటుంబమునకు రోజుకు 540 లీటర్లు, ఏటికి 1,97,100 లీటర్లు కావలెను. కప్పు ఇచ్చునది ఇందులో దాదాపు మూడవ వంతు. ఈ 'మూడవ వంతు' అను మాట వినుటకు ఇంపుగా నుండును; కరపత్రములకు బాగుగా పనికివచ్చును. కాని వాన ఏడాది పొడవున సమముగా కురియదు; దప్పిక మాత్రము ఏడాది పొడవున సమముగానే యుండును. హైదరాబాదు వానలో ముప్పాతిక పాలు జూన్, సెప్టెంబరు నెలల నడుమ పడిపోవును. చెప్పుకోదగిన వాన పడు రోజులు ఏడాదిలో ఏ యేబదియో. ఆ 64,000 లీటర్లను మొత్తముగా దాచవలెనన్నచో నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల లోతు గల తొట్టి కావలెను. నూరు చదరపు మీటర్ల ఇంటి క్రింద అట్టి గోతిని త్రవ్వించు గృహస్థు అరుదు.

కాబట్టి అడుగవలసిన ప్రశ్న 'కప్పుపై ఎంత పడును?' అనునది కాదు. 'పడినదానిలో ఎంత నిలుపగలము, దానిని ఎందరు పంచుకొందురు, క్రింద నేల ఎట్టిది?' అను మూడింటికి సమాధానము దొరకినప్పుడే ఏ ఇంటికి ఎంత మేలో తెలియును.

నల్లా నీరు ఎక్కిన ఎత్తు

ఇంతటి లెక్కలు వేసి కప్పు నీటిని పట్టుటెందుకు, నగరమునకు నదుల నీరు వచ్చుచున్నది కదా యని కొందరనవచ్చును. ఆ నది నీరు ఎట్లు వచ్చుచున్నదో తెలిసికొనుట ఉపయోగకరము.

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదును ముంచివేసిన పిదప, మోక్షగుండము విశ్వేశ్వరయ్య సలహాపై మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనదియైన ఈసా మీద హిమాయత్‌సాగర్ నిర్మింపబడినవి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియైనవి. వరదను ఆపుటకు కట్టిన ఈ చెరువులే నగరమునకు త్రాగునీరు కూడ ఇచ్చినవి. ఉస్మాన్‌సాగర్ నిండుమట్టము సముద్రమట్టమునకు 1,790 అడుగులు, హిమాయత్‌సాగర్ నిండుమట్టము దాదాపు 1,763 అడుగులు. పాతనగరము అంతకంటె పల్లములో నున్నది. కావున నీరు తనంతట తాను దిగివచ్చినది. దానిని తోలుకొని వచ్చుటకు ఏ యంత్రమును అక్కరలేకపోయెను.

నగరము పెరిగినకొలది ఈ సౌకర్యము చాలలేదు. మొదట మంజీర నీరు వచ్చినది. 2004 నుండి కృష్ణ నీరు, 2015 తరువాత 180 కిలోమీటర్లకు పైగా దూరమునుండి ఎల్లంపల్లి వద్ద గోదావరి నీరు తీసికొనిరాబడుచున్నవి. కృష్ణ నీటికి మూలము నాగార్జునసాగరము. దాని నిండుమట్టము 590 అడుగులు. హైదరాబాదు నగరము సుమారు 1,770 అడుగుల ఎత్తున నున్నది. నడుమ నున్న తేడా 1,180 అడుగులు, అనగా 360 మీటర్లు. కుతుబ్ మీనారును ఒకదానిపై ఒకటిగా అయిదింటిని నిలిపినంత ఎత్తు ఈ నీరు ఎక్కవలెను.

భౌతికశాస్త్రము చదువు విద్యార్థులు ఇక్కడ కాగితము తీయవలెను. వేయి లీటర్ల నీటి ద్రవ్యరాశి వేయి కిలోగ్రాములు. దానిని 360 మీటర్లు ఎత్తుటకు చేయవలసిన పని 1000 × 9.8 × 360, అనగా సుమారు 35 లక్షల జౌళ్లు. ఒక యూనిట్ విద్యుత్తు 36 లక్షల జౌళ్లు. కావున వేయి లీటర్ల కృష్ణ నీటిని నగరపు ఎత్తునకు చేర్చుటకు, పంపులలోను గొట్టములలోను ఏమియు నష్టము లేదనుకొన్నను, దాదాపు ఒక యూనిట్ ఖర్చగును. నష్టములు లేని యంత్రము లోకములో లేదు గనుక నిజమైన ఖర్చు అంతకు మించియే యుండును.

డాబాపై పడిన వాన ఈ ఎత్తునంతయు ముందే ఎక్కియున్నది. ఎత్తినది సూర్యుడు. సముద్రమునుండి ఒక కిలోగ్రాము నీటిని ఆవిరిగా మార్చుటకు 24 లక్షల జౌళ్లకు పైగా ఉష్ణము కావలెను. వేయి లీటర్లకు లెక్కించినచో అది సుమారు 680 యూనిట్లు. ఉప్పును సముద్రములోనే విడిచి, నీటిని మాత్రము పైకి తీసికొని, కొండలు దాటించి, ఇంటి కప్పుమీద దింపుటకు ప్రకృతి పెట్టు ఖర్చు ఇది. అట్లు దిగిన నీటిని తూము గుండ వీధిలోనికి వదలి, మురుగుతో కలిపి మూసీకి పంపి, తరువాత నాగార్జునసాగరము నుండి యూనిట్ చొప్పున చెల్లించి మరల పైకి తోడుకొనుట వింత వ్యాపారమే. ఒక ఇంటికి ఏడాదికి అరువది యూనిట్లు పెద్ద లెక్క కాకపోవచ్చును. లక్ష ఇండ్లకు అది 60 లక్షల యూనిట్లు.

పది వేల లీటర్ల తొట్టి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చును: ఎంత నిలుపగలము? నగరములలోని సొంత ఇండ్లకు క్రింద సంపు, పైన ట్యాంకు ఉండుట సాధారణము. వాననీటికి ప్రత్యేకముగా పది వేల లీటర్ల తొట్టి నొకటి కట్టించుట మధ్యతరగతి గృహస్థునకు అసాధ్యము కాదు. అది రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు మాత్రమే.

ఈ పది వేల లీటర్లను స్నానమునకు, బట్టలకు, అన్నిటికి వాడినచో 18 దినములలో తొట్టి అడుగంటును. ఇది చూచి కొందరు పెదవి విరుతురు. కాని త్రాగుటకు, వంటకు మాత్రమే వేరుగా తీసినచో మనిషికి దినమునకు పది లీటర్లు ధారాళముగా సరిపోవును, నలుగురికి నలుబది. నవంబరు 1 నుండి మరుసటి జూన్ 10 వరకు 222 దినములు. ఆ దినములన్నిటికి కావలసినది 8,880 లీటర్లు! అనగా స్నానమునకు మూడు వారములైనను చాలని తొట్టి, త్రాగుటకు మరల మృగశిర కార్తె వచ్చు వరకు నిలుచును. నల్లా రాని రోజున ఇంటివారికి దిగులు కలిగించునది స్నానము కాదు, బిందె. ఆ దిగులు తీర్చుటకు చిన్న తొట్టియే చాలును.

ఇక వానకాలములో ఆ తొట్టిని ఏమి చేయవలెను? చాలమంది గృహస్థులు ఇక్కడనే పొరపడుదురు. జూన్‌లో తొట్టి నిండగానే దానికి మూతవేసి, బంగారమువలె దాచి, నల్లా నీటినే వాడుకొందురు. నిండిన తొట్టిలో మరుసటి వాన పట్టదు. అంతయు పొర్లి వీధి పాలగును. అట్లు దాచినవానికి ఏడాదికి దక్కునది పది వేల లీటర్లు మాత్రమే. దీనికి మారుగా వానకాలమంతయు రోజుకు మూడు వందల లీటర్ల చొప్పున తొట్టి నుండి వాడుచు, నల్లా నీటిని ఆ మేరకు తగ్గించుకొన్నవానికి తొట్టి ఖాళీయగుచు, మరల నిండుచు, అక్టోబరు చివరి వరకు ఏ 35, 40 వేల లీటర్లో చేరును. తొట్టి అదియే, కప్పు అదియే. లోభము వలన నష్టము, వాడకము వలన లాభము కలుగు వింత ఇందులో ఉన్నది.

అయితే వాడకమునకు ఒక హద్దు గలదు. హస్త, చిత్త కార్తెల వరకు స్వేచ్ఛగా వాడి, అక్టోబరు నెలలో ఆకాశమును గమనించుచు తొట్టిని నింపి ఉంచవలెను. వ్యవసాయదారుడు కార్తెలను లెక్కించి విత్తనము వేసినట్లే పట్టణవాసి కార్తెలను లెక్కించి తొట్టి మూయవలెను. ఏ సంవత్సరమున చివరి వాన ఎప్పుడు పడునో ఎవరును చెప్పలేరు గనుక సెప్టెంబరు చివరి నుండి సగమునకు తగ్గకుండ చూచుకొనుట మేలు.

మరొక సంగతి. 2020 అక్టోబరు 13న హైదరాబాదులో ఒక్క దినములో 190 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసినది. ఆ దినమున 100 చదరపు మీటర్ల డాబానుండి దిగిన నీరు 15,000 లీటర్లు. ఖాళీ తొట్టి కూడ నిండి పొర్లియుండును. ఇండ్లలోని తొట్టెలు నగరపు వరదలను ఆపునని ఆశించుట తగదు. చిన్న, నడిమి వానలు వీధిని ముంచకుండ కొంతవరకు తోడ్పడుననుట మాత్రము సత్యము.

కప్పు ఒకటి, కుటుంబములు పది

సొంత ఇంటి లెక్క అపార్టుమెంటునకు సరిపడదు. అయిదు అంతస్తులలో పది కుటుంబములున్న భవనమునకు కప్పు 250 చదరపు మీటర్లనుకొనవచ్చును. ఏడాదిలో దక్కునది 1,60,000 లీటర్లు. పదిమంది పంచుకొన్నచో కుటుంబమునకు 16,000 లీటర్లు, అనగా సరిగా ఒక నెల ఖర్చు. అంతస్తులు పెరిగినకొలది ఈ భాగము చిక్కిపోవును. ఇరువది అంతస్తుల భవనమున వారము దినములకే అది సరి. ఆకాశము వెడల్పునకే నీరిచ్చును గాని ఎత్తునకు ఈయదు.

అందుచేత పెద్ద భవనములలో నీటిని తొట్టిలో నిలుపుటకంటె నేలలోనికి ఇంకించుట వాడుకలోనికి వచ్చినది. 2002లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చేసిన జల, భూమి, వృక్ష చట్టము, వాడుకలో 'వాల్టా', భవనములలో వాననీటి సేకరణకు ఏర్పాట్లు చేయవలెనని నిర్దేశించినది. గొయ్యి త్రవ్వి, అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, ఆపై ఇసుక నింపి కప్పు నీటిని అందులోనికి వదలుదురు. ఇంకుడు గుంత యను మాట ఇప్పుడు తెలుగునాట ఎరుగనివారు లేరు. అందులో ఇంకిన నీరు ఏమగును?

దీనికి జవాబు నేలను బట్టి యుండును. హైదరాబాదు క్రింద నున్నది సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు శిల. పైన కొన్ని అడుగులు మట్టి, దాని క్రింద శిథిలమైన మొరము, దాని క్రింద పగుళ్లు గల రాయి, ఆపై లోతున పగుళ్లు కూడ లేని చట్టు. గట్టి రాయికి తనలో నీటిని దాచుకొను శక్తి లేదు. పగుళ్లే దానికి గదులు. శిథిల శిలలో నూరు ఘనపు మీటర్లకు తోడుకొనదగిన నీరు ఒకటి మొదలు మూడు ఘనపు మీటర్లు మాత్రమే. మంచి ఇసుక నేలలో ఇది ఇరువది వరకు ఉండును.

200 చదరపు మీటర్ల స్థలమున ఏడాదికి 60 ఘనపు మీటర్ల నీరు ఇంకినదనుకొందురు గాక. ప్రక్కలకు పోకుండ అక్కడనే నిలిచినచో ఇసుక నేలలో నీటిమట్టము ఒకటిన్నర మీటర్లు పెరుగును. నూటికి రెండు పాళ్లు మాత్రమే పట్టు శిలలో అది పదునైదు మీటర్లు పెరుగును! బోరులో నీరు అంత ఎత్తున పైకి వచ్చినందుకు ఇంటివారు సంతోషింతురు. నిజమునకు అది నిలువ పెరిగినదనుటకంటె, నిలువకు చోటు తక్కువ యనుటకే సూచన. సన్నని గాజుగొట్టములో గరిటెడు నీరు పోసినను మట్టము చాల ఎగయును. అట్లే గరిటెడు తీసినను చాల దిగును. శ్రావణములో నిండిన బోరు మాఘమునకే అడుగంటుట, దాని వెంట పరుగెత్తి వేయి అడుగులు దాటి త్రవ్వించుట, లోతున పగుళ్లే లేక ఉత్త రాతిపొడి మాత్రము పైకి వచ్చుట, ఇవన్నియు ఈ స్వభావము వలన కలిగినవే.

ఇంతమాత్రమున ఇంకుడు గుంతలు వృథా యనరాదు. ఇంకిన నీరు ఇంటివారి ఆస్తి కాదు. పగుళ్ల వెంబడి పొరుగువారి బోరునకో, వీధి చివర బావికో చేరును. వీధిలో ఒక్కరు త్రవ్వించిన గుంత వలన ఆ ఒక్కరికి ఫలము కనబడకపోవచ్చును. వీధియంతయు త్రవ్వించినచో అందరికి కనబడును. కావున సొంత తొట్టి, ఉమ్మడి నేల అను ఈ రెండింటిని రెండు వేరు పనులుగా భావింపవలెను: తొట్టి పొర్లిన నీరు గుంతకు పోవునట్లు గొట్టము కలిపినచో రెండును నెరవేరును. ఒక హెచ్చరిక కూడ అవసరము. కొందరు తొందరపడి డాబా నీటిని వడకట్టకుండ నేరుగా బోరు గొట్టములోనికే వదలుదురు. మట్టిపొరల గుండ దిగునప్పుడు జరుగు సహజమైన వడపోత ఇందులో జరుగదు. కప్పుపై నున్న మలినము నేరుగా భూగర్భజలములో కలియును. పూడిక పేరుకొని పగుళ్లు కూడ మూసుకొనిపోవును.

చెన్నపట్టణపు అనుభవము

ఇండ్లన్నిటికి వాననీటి సేకరణను నిర్బంధముగా విధించి, ఫలితమును కన్నులార చూచిన నగరము చెన్నపట్టణము. దానికి తెలుగుదేశముతో నీటి సంబంధము కూడ గలదు. 1983 నాటి ఒప్పందము ప్రకారము తెలుగుగంగ కాలువ త్రవ్వి, కండలేరు మీదుగా పంపిన కృష్ణ నీరు 1996లో అక్కడి పూండి జలాశయమును చేరినది. అయినను ఆ నగరమునకు కొరత తీరలేదు. 2003లో తమిళనాడు ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసి, కొత్తవే గాక పాత భవనములు కూడ వాననీటిని ఇంకించు ఏర్పాట్లు కొద్ది నెలలలో చేసికొనవలెనని ఆజ్ఞాపించినది.

చెన్నపట్టణములో ఏటికి దాదాపు 1,400 మిల్లీమీటర్ల వాన పడును. హైదరాబాదుకంటె చాల ఎక్కువ. అందులో అధికభాగము అక్టోబరు, డిసెంబరు నెలల నడుమ ఈశాన్య ఋతుపవనము తెచ్చునది. సముద్రతీరము వెంబడి నేల ఇసుకనేల. అక్కడ ఇంకుడు గుంత చేయు పని హైదరాబాదులో చేయుదానికి భిన్నమైనది, విద్యార్థులు తప్పక గ్రహింపదగినది.

తీరప్రాంతపు ఇసుకలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుచుండును, నూనె నీటిపై తేలినట్లు. సముద్రపు నీరు మంచినీటికంటె నూటికి రెండున్నర పాళ్లు బరువు. ఒక పడవ కొంత పైన, అధికభాగము నీటిలోపల ఉన్నట్లే మంచినీరు కూడ కొంత సముద్రమట్టమునకు పైన, అధికభాగము క్రింద నుండును. లెక్క చేసినచో సముద్రమట్టమునకు పైన ఒక మీటరు మంచినీరున్నప్పుడు క్రింద నలుబది మీటర్ల మంచినీరు ఉండుననియు, పైన ఒక మీటరు తగ్గినచో క్రిందనుండి ఉప్పునీరు నలుబది మీటర్లు పైకి వచ్చుననియు తేలును. దీనిని ఘైబెన్ అను డచ్చి ఇంజనీరు, హెర్ట్స్‌బెర్గ్ అను జర్మను ఇంజనీరు వేరువేరుగా కనుగొనిరి. నేలలోని పొరలు అన్నిచోట్ల ఇంత చక్కగా నుండవు గాని సూత్రము యథార్థము. అందుచేత తీరనగరములో బావి నీటిని అతిగా తోడుట, వాననీటిని ఇంకనీయక సిమెంటుతో కప్పివేయుట చాల ప్రమాదకరము. ఒకసారి ఉప్పెక్కిన బావి మరల తీపి యగుటకు ఎన్నియో వానకాలములు పట్టును. చెన్నపట్టణములో తీరపు వీధులలో బావులు తేరుకొనుట, నీటి ఉప్పదనము తగ్గుట 2003 తరువాతి సంవత్సరములలో కనబడినవి. ఆ యేండ్లలో మంచి వానలు కూడ కురిసినవి గనుక పుణ్యమంతయు చట్టమునకే ఈయరాదు. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము మొదలగు రేవుపట్టణముల వారు ఈ సూత్రమును మరువరాదు.

తరువాత ఏమైనది? 2015 డిసెంబరు మొదటి దినములలో చెన్నపట్టణము వరదలో మునిగినది. నాలుగేండ్లు తిరుగకుండ, 2018లో ఈశాన్య ఋతుపవనము ముఖము చాటువేసినందున, 2019 జూన్ నాటికి నగరపు ప్రధాన జలాశయములు నాలుగును ఎండిపోయినవి. జూలై 12న జోలార్‌పేట నుండి 25 లక్షల లీటర్ల నీరు రైలు బండిలో తీసికొనివచ్చిరి. ఈ రైలుబండి నీటిని కప్పుల లెక్కలోనికి మార్చి చూడవచ్చును. 100 చదరపు మీటర్ల డాబాపై 50 మిల్లీమీటర్ల వాన పడినచో 4,000 లీటర్లు వచ్చును. కావున 625 ఇండ్ల కప్పులపై ఒక మంచి వాన, ఒక రైలుబండెడు నీరు. అట్టి ఇండ్లు ఒక పేటలోనే యుండును.

చట్టము వచ్చిన పదునారేండ్లకు ఈ స్థితి యేల కలిగెను? మొదటి కారణము వానయే లేకపోవుట. సేకరించుటకు లేనిదానిని ఏ చట్టమును సేకరింపలేదు. రెండవది, ఇసుక దాచిన నీరు ఒకటి రెండు ఋతువులకు మించి నిలువదు, అందరు తోడుచుందురు. మూడవది మనుష్యులది. చాలచోట్ల గడువునకు భయపడి తూతూమంత్రముగా త్రవ్విన గుంతలు రెండు మూడు వానలకే ఒండ్రుతో పూడిపోయినవి. గుంత త్రవ్వుటకు గడువు పెట్టవచ్చును గాని, ఏటేట ఇసుకను తీసి కడిగి మరల వేయుటకు గడువు పెట్టి తనిఖీ చేయుట కష్టము.

తొలకరి నీరు త్రాగరాదు

వాననీరు శుద్ధమైనదే; కప్పు శుద్ధమైనది కాదు. ఎనిమిది నెలల దుమ్ము, ఎండుటాకులు, కాకుల, పావురముల రెట్టలు తొలకరి వానతో దిగివచ్చును. రోహిణి కార్తెలోనే డాబా ఊడ్చి కడిగి, తూములకు జల్లెడ బిగించి యుంచవలెను. ఋతువులోని మొదటి ఒకటి రెండు వానలను తొట్టిలోనికి రానీయకూడదు. ఆ తరువాత కూడ ప్రతి వానలోను మొదటి రెండు మిల్లీమీటర్లను వేరుచేయుట మంచిది. 100 చదరపు మీటర్లకు అది 200 లీటర్లు, అనగా ఒక పెద్ద పీపా. గొట్టము ముందుగా పీపాలోనికి, పీపా నిండిన పిదప తొట్టిలోనికి నీటిని పంపునట్లు కలిపినచో ఎవరును వానలో తడియుచు నిలుచుండనక్కరలేదు. వాన వెలసిన తరువాత పీపా అడుగున గల బిరడా తీసి చెట్లకు వదలవచ్చును. ఆస్‌బెస్టాస్ రేకుల మీది నీటిని త్రాగుటకు వాడకుండుట మేలు.

తొట్టిలో రెండు శత్రువులుందురు: వెలుతురు, దోమ. వెలుతురు తగిలిన నీటిలో నాచు పెరుగును. దోమకు వేలెడు సందు చాలును. డెంగూ వ్యాధిని వ్యాపింపజేయు దోమ మురుగునీటికంటె ఇట్టి శుభ్రమైన నిలువనీటినే కోరును. మూత బిగువుగా నుండవలెను. పొర్లుగొట్టము చివర కూడ సన్నని వల కట్టవలెను. ఈ గొట్టమును మరచి, మూతకు మాత్రము తాళము వేయు ఇండ్లు అనేకములు. త్రాగునీటిని కాచి చల్లార్చుట అన్నిటికంటె నమ్మదగిన పద్ధతి. తొట్టిలో మందు వేయదలచినచో వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీటిని పోసి, ఒక గంట ఆగవలెను. కర్మాగారముల ప్రక్కనున్న వారు త్రాగుటకు ముందు నీటిని పరీక్ష చేయించుకొనవలెను.

రుచి విషయమున కొందరికి అసంతృప్తి కలుగును. లవణములు లేనందున వాననీరు చప్పగా నుండును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరిగియుండుటచే అది స్వల్పముగా ఆమ్లము. కొత్త సిమెంటు తొట్టిలో కొన్నాళ్లుండగా ఆ పులుపు తగ్గును. వంటయింటికి మాత్రము ఈ చప్పదనమే వరము. బోరునీటిలోని కాల్షియము, మెగ్నీషియము లవణముల వలన ఎంతకును ఉడుకని కందిపప్పు వాననీటిలో త్వరగా మెత్తబడును; సబ్బు బాగుగా నురుగునిచ్చును. ఇంతకంటె ముఖ్యమైనది ఫ్లోరైడు సంగతి. దేశములో ఫ్లోరైడు వ్యాధిని మొదట గుర్తించినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. తరువాత నల్లగొండ జిల్లా పల్లెలలో ఎముకలు వంకరపోయిన బిడ్డలను దేశమంతయు చూచినది. ఫ్లోరైడు రాతినుండి నీటిలోనికి వచ్చునది. రాతిని తాకని వాననీటిలో దానికి చోటు లేదు. నదీజలము చేరని పేటలలో ఎదుగు పిల్లలకు త్రాగుటకైనను కప్పు నీటిని వేరుగా దాచియుంచుట ఎట్టి మందుకంటెను మేలు.

బడిలో చేయదగిన పని

ఉపాధ్యాయులు జూన్ నెలలోనే దీనిని మొదలుపెట్టవచ్చును. అడుగునుండి మూతి వరకు ఒకే వెడల్పు గల డబ్బా నొకదానిని చెట్లకు, గోడలకు దూరముగా నిలిపి, వాన వెలిసిన వెంటనే లోపలి నీటి లోతును స్కేలుతో కొలవవలెను. ఆ లోతే వానమొత్తము, మిల్లీమీటర్లలో. చిన్న డబ్బాలోను, పెద్ద డబ్బాలోను లోతు ఒకే విధముగా ఏల ఉండునో, మెడ సన్నగా గల సీసాలో ఏల తప్పుగా వచ్చునో పిల్లలచేతనే చెప్పించినచో వైశాల్యము, ఘనపరిమాణము అను పాఠములు వేరుగా చెప్పనక్కరలేదు. పిదప బడి కప్పును టేపుతో కొలువవలెను. పొడవు 25 మీటర్లు, వెడల్పు 20 మీటర్లయినచో వైశాల్యము 500 చదరపు మీటర్లు; ఒక సెంటీమీటరు వానకు దక్కునది 4,000 లీటర్లు. బడిలో రోజుకు ఎన్ని బిందెల నీరు ఖర్చగునో వంటవారిని, ఆయాలను అడిగి వ్రాసికొనవలెను.

పట్టికలో తేదీ, కార్తె, వాన, తొట్టి మట్టము అని నాలుగు గడులు చాలును. ఒక్క ఏడాది లెక్క చాలదు. ఒక ఏడు అతివృష్టి, మరొక ఏడు అనావృష్టి కావచ్చును. ఏడవ తరగతిలో మొదలుపెట్టినవారు పదవ తరగతి ముగించునాటికి నాలుగు వానకాలముల లెక్క చేతిలో నుండును. అప్పుడు ఆ బడికి ఎంత తొట్టి కావలెనో, ఏ కార్తెలో దాని మూత బిగింపవలెనో ఆ పట్టికయే చెప్పును.